బాటిల్ షాపుకు సుగుణ ఆంటీ సాక్ష్యం

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యం. మద్యం లైసెన్సింగ్ కోర్టులో మా బాసు కుర్చీ వెనక నుంచి ముందుకు వంగి ఆయన చెవిలో అన్నాను: "ఆవిడకి ఇంగ్లీషు సరిగ్గా రాదు సార్."

ఆవిడకి ఇంగ్లీషు వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. నిజానికి ఆ పూట ఆ కోర్టులో ఆవిడంత సూటిగా మాట్లాడినవాళ్లు మరొకరు లేరు. ఆ సూటిదనం నా మెడకు చుట్టుకునేలా ఉందనే ఆ మాట అన్నాను. అప్పుడు నేను లా చివరి సంవత్సరం చదువుతున్నాను. న్యాయవాది నీతినియమాల మీద ఒక సబ్జెక్టు ఆ సెమిస్టర్లోనే ఉంది. దాంట్లో నాకు మంచి మార్కులే వచ్చాయి.

తరవాత నేను రిటైరయ్యేదాకా మద్యం లైసెన్సులు, గంజాయి కేసులు, కౌన్సిల్ తగాదాలు, ఈ మూడింటి మీదే బతికాను. ఇప్పుడు సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మా వీధి చివర లా చదివే తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు నా దగ్గరకు పంపుతుంటారు, అంకుల్ గారి అనుభవం కాస్త వినమని. పిల్లలు పెద్ద కేసుల గురించి అడుగుతారు. పెద్ద కేసుల్లో నేను నేర్చుకున్నది తక్కువ. ఫీజు పెద్దది, అంతే. నేర్చుకున్నదంతా లాయరు కాకముందే, ఒక బాటిల్ షాపు దగ్గర నేర్చుకున్నాను. అది రాస్తాను.

గ్రేడీ ఆఫీసు

మా బాసు పేరు గ్రేడీ. బ్లాక్‌టౌన్‌లో చేపలు వేయించి అమ్మే దుకాణం మీద మేడలో ఆయన ఆఫీసు. మా ఫైళ్లు ఏ కోర్టుకు వెళ్లినా వాసన బట్టి ఎవరివో గుమాస్తాలు చెప్పేసేవారు. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల పబ్బుల్లో సగానికి లైసెన్సులు ఇప్పించింది ఆయనే. కడుపులో పుండు కారణంగా తాను మాత్రం పాలు తప్ప ఇంకేమీ తాగేవాడు కాదు. "తాగేవాడు ఈ పని సరిగ్గా చేయలేడు. వాడికి పబ్బు మీద ప్రేమ ఉంటుంది" అనేవాడు.

నేను చేసే పని జిరాక్సులు తీయడం, కాగితాలు కోర్టులో దాఖలు చేయడం, క్లయింటు ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం. సోమవారాలు లోకల్ కోర్టులో గంజాయి కేసులు. జేబులో చిన్న పొట్లంతో దొరికిన కుర్రాళ్లు, తండ్రి సూటు తొడుక్కుని వరండాలో వరసగా నిలబడి ఉండేవాళ్లు. అందరిదీ ఒకటే కథ, అది తనది కాదు, ఫ్రెండుది. గ్రేడీ వాళ్లకు ఓపిగ్గా చెప్పేవాడు. "బాబూ, ఈ మేజిస్ట్రేటు నీ ఫ్రెండు గురించి ఇరవై ఏళ్లుగా వింటున్నాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా మొహం చూడలేదు. ఆయన్ని ఇంకా ఊరించకు."

ఇక కౌన్సిల్ పని, అంటే ఇక్కడి మునిసిపాలిటీతో. కంచెలు, చెట్లు, కుక్కలు, అనుమతి లేకుండా కట్టిన షెడ్లు. చిన్నవని తీసిపారేయకండి. జైలు భయమున్న కేసులో మనుషులు మర్యాదగానే ఉంటారు. పక్కింటివాడి యూకలిప్టస్ కొమ్మ కేసులో చొక్కాలు చింపుకుంటారు. మీరు మనుషుల్ని చూడాలనుకుంటే కౌన్సిల్ మీటింగుకు వెళ్లండి.

గోంగూర

సుగుణ ఆంటీ, రత్నం అంకుల్ బాపట్ల వైపువాళ్లు. ఆవిడ ముసలివాళ్ల హోమ్‌లో పని చేసేది, ఆయన రైల్వే వర్క్‌షాపులో. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో మా తెలుగు ఫెలోషిప్ ప్రార్థన జరిగేది. మా నాన్న డాక్టరుగా ఎక్కడో మారుమూల ఊళ్లో ఉండేవాడు, నేను సిడ్నీలో గది అద్దెకు తీసుకుని చదువుకునేవాణ్ని. ప్రార్థన అయ్యాక నాలాంటి ఒంటరి స్టూడెంట్లందరికీ ఆంటీ ఇంట్లోనే భోజనం.

ఆవిడ ఇంటి ముందు, రోడ్డుకీ గోడకీ మధ్య ఉండే కౌన్సిల్ గడ్డిలో గోంగూర వేసింది. పెరట్లో ఎండ పడదు, అక్కడ బాగా పడుతుంది. గోంగూర ఆకు వేళ్లు విప్పిన చెయ్యిలా ఉంటుంది కదా. గంజాయి ఆకూ అంతే. పక్కింటివాళ్లు చూసి పోలీసులకు ఫోన్ చేశారు. ఆంటీ నాకు ఫోన్ చేసింది. నేను గ్రేడీకి చెప్పాను. ఆయనకు ఆ పూట పనేమీ లేక తనే వచ్చాడు.

మేం వెళ్లేసరికి ఆంటీ ఇద్దరు కానిస్టేబుళ్లకు ఇంగ్లీషులో పాఠం చెబుతోంది. "తినే ఆకు ఇది! రోజూ తింటాం!"

"చాలామంది అదే చెబుతారు మేడమ్" అన్నాడు పెద్ద కానిస్టేబుల్.

గ్రేడీ వంగి చూసి, ఒక కొమ్మకున్న పువ్వు చూపించాడు. లేత పసుపు, మధ్యలో ముదురు మచ్చ. "ఇది మందార జాతి. మా ఆవిడ తోటలో దీని చుట్టాలు చాలా ఉన్నాయి. గంజాయికి ఇలాంటి పువ్వు పూస్తే సోమవారాలు మనందరికీ ఇంకా అందంగా ఉండేవి." కానిస్టేబుళ్లు నవ్వేసి వెళ్లిపోయారు. ఆంటీ ఊరుకోకుండా ఇద్దరికీ చెరో పచ్చడి సీసా ఇచ్చింది.

కొన్నాళ్లకు కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. గంజాయి కాదని తేలిన మొక్కలు కౌన్సిల్ గడ్డిలో ఉన్నందుకు నేరమయ్యాయి, పీకేయమన్నారు. నేను కూర్చుని ఉత్తరం రాశాను. ఇవి ఒక్క కాపుతో పోయే మొక్కలని, కాపు అయ్యేదాకా ఉండనివ్వమని కోరాను. వాళ్లు సరేనన్నారు.

ఆ ఆదివారం ఆంటీ ఫెలోషిప్‌లో లేచి నిలబడి, దేవుడు మా సుధాకర్ బాబును లాయరుగా పంపి తనను జైలు నుంచి తప్పించాడని సాక్ష్యం చెప్పింది. నేను ఇంకా లాయరు కాదు. ఆవిడకు జైలు ప్రమాదం లేదు. పువ్వు చూపించింది గ్రేడీ. ఈ మూడింటిలో ఒక్కటీ నేను సరిదిద్దలేదు. తల వంచుకుని వినయంగా కూర్చున్నాను. ఆ వినయం బాగా కుదిరిందని తరవాత కొందరు మెచ్చుకున్నారు కూడా.

అవసరం ఉందని చెప్పేవాళ్లు

ఆ రోజుల్లో కొత్తగా బాటిల్ షాపు, అంటే సీసాలు కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లే మద్యం దుకాణం, పెట్టాలంటే ఆ పేటకు అది అవసరమని కోర్టులో చూపించాలి. కాబట్టి పేటవాళ్లను నలుగురిని పట్టుకుని, మాకిక్కడ బాటిల్ షాపు లేక ఇబ్బందిగా ఉందని వాంగ్మూలం ఇప్పించాలి. ఎదుటి పక్షం సాధారణంగా అక్కడ ఇదివరకే ఉన్న పబ్బు యజమాని. ఆయన పెద్ద బారిస్టరును పెట్టుకుని, పేట ప్రజల ఆరోగ్యం గురించి కోర్టులో కన్నీళ్లు పెట్టించేవాడు.

మా క్లయింటు ఒక కిరాణా వ్యాపారి. రైల్వేస్టేషను వెనక సందు మెయిన్ రోడ్డును కలిసే మూల మీద అతని పాత కొట్టు. దాన్ని బాటిల్ షాపు చేయాలనుకున్నాడు. గ్రేడీ నన్ను పిలిచాడు. "తాగేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. తాగని మనిషి ఒకరు, చర్చికి వెళ్లే ఆవిడైతే ఇంకా మంచిది. నాకేం అభ్యంతరం లేదు, ఇంటికి చుట్టాలొస్తే పనికొస్తుంది అంటే చాలు. మీవాళ్లలో ఎవరైనా ఉన్నారా?" ఆ మాటకు ముందే, పరీక్షలయ్యాక నన్ను ఉద్యోగంలోకి తీసుకునే విషయం కూడా ఎత్తాడు. రెంటికీ సంబంధం ఉందని ఆయన అనలేదు. నేనే కలిపాను.

ఆ మూల గురించి నాకు తెలిసిన ఒక సంగతి ఇప్పుడు చెప్పాలి. రత్నం అంకుల్ ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేసి మూడేళ్లయింది. ఈ మాట నాకెవరో చెవిలో చెప్పింది కాదు, ఫెలోషిప్‌లో అందరి ముందూ ఆయనే నిలబడి చెప్పాడు. స్టేషన్లో దిగి కుడివైపు వెళితే పబ్బు ఉంది కాబట్టి అటు వెళ్లననీ, ఎడమవైపు సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికి వస్తాననీ, ఆ సందు తనకు దేవుడు చూపించిన దారనీ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆ సందు ఇదే.

నేను ఆంటీ దగ్గరకు వెళ్లాను. ఫెలోషిప్‌లో ఇంకా ఎంతోమంది ఉన్నారు. కానీ మిగతావాళ్లు కాదనగలరు.

"ఏం బాబూ, ఇవాళ యూనీలో క్లాసులు లేవా? లంచ్ చేశావా?" అంటూ తలుపు తీసింది. పులిహోర పెట్టింది. తింటూనే చెప్పాను. ఇక్కడొక షాపు వస్తోంది ఆంటీ, మా ఆఫీసు పనే, మీకేం అభ్యంతరం లేదని ఒక్క సంతకం.

"ఏం షాపు?"

"బాటిల్ షాపు."

ఆవిడ చేతిలో గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టింది. "ఎక్కడ?"

చెప్పాను.

నా ప్లేట్లో ఇంకాస్త పులిహోర వేసింది. వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొచ్చింది. కాఫీ కలపడానికి అంతసేపు పట్టదు.

"ఇది నీ జాబ్‌కి అవసరమా బాబూ?"

"అవును ఆంటీ. మా సార్ నా మీదే పెట్టారు."

"మరి నువ్వు వచ్చి అడిగాక ఏం చెప్పను? ఎక్కడ పెట్టాలి సంతకం?"

పెట్టింది. ఆవిడ చదవకుండా పెట్టిందని తరవాత నన్ను నేను ఓదార్చుకోబోయాను. అదీ కుదరదు. నేను చదివి వినిపించాను, ఆవిడ పూర్తిగా విన్నది.

ఈ వృత్తిలోకి వచ్చే మనవాళ్లకు ఇక్కడొక మాట. మీకు ఇతర లాయర్లకు లేని ఒక సౌకర్యం ఉంటుంది. మీరు తెలుగువాళ్ల ఇంటికి ఆంటీ అంటూ వెళ్లవచ్చు, వాళ్లు మీకు అన్నం పెడతారు, మీరు అడిగింది కాదనడం వాళ్లకు చేతకాదు. దాన్ని సమ్మతి అనుకోకండి. అది మర్యాద. తేడా మీకు తెలియదని మాత్రం నాకు చెప్పకండి.

కోర్టు

వాంగ్మూలం ఇస్తే సరిపోతుందనుకున్నాం. పబ్బు తరఫు బారిస్టరు ఆంటీని ప్రశ్నించాలని పట్టుబట్టాడు. ఆంటీ రావలసి వచ్చింది. కోర్టువాళ్లు తెలుగు దుబాసీ కోసం వెతికి, దొరక్క, ఒక హిందీ పెద్దమనిషిని తెచ్చారు. ఇండియా అంటే ఇండియానే కదా. ఆయన నమస్తే చెప్పి ఏదో అడిగాడు. ఆంటీ నావైపు తిరిగి, "ఈయన పాపం దారి తప్పాడా?" అంది. చివరికి ఇంగ్లీషులోనే మాట్లాడతానంది. పట్టుచీర కట్టుకుని, తన సొంత బైబిలు తెచ్చుకుని, దాని మీదే ప్రమాణం చేసింది. ఆవిడను తీసుకురావడానికి అంకుల్ సెలవు పెట్టాడు. వెనక బెంచీలో కూర్చున్నాడు.

బారిస్టరు చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాద చూస్తేనే మాకు భయం.

"మేడమ్, మీరు మద్యం తాగుతారా?"

"లేదు."

"మీ ఇంట్లో ఎవరైనా?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

ఆవిడ బైబిలు మీద చెయ్యి తీయలేదు. వెనక్కి, అంకుల్ వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. "మా ఆయన తాగేవారు. ఇప్పుడు మానేశారు" అంది.

కోర్టులో కుర్చీలు కదిలిన చప్పుడు. బారిస్టరు ఇంకా మర్యాదగా అడిగాడు. "అలాంటప్పుడు, ఆయన ఉండే పేటలో ఈ దుకాణానికి అభ్యంతరం లేదని మీరెందుకు సంతకం చేశారు మేడమ్?"

ఆవిడ నన్ను చూపించింది. అదే మొదటిసారి ఒక కోర్టు నావైపు తిరగడం. "అవర్ బాయ్ ఆస్క్డ్. హౌ టు సే నో, సర్?"

కొందరు నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. గ్రేడీ మెల్లగా వెనక్కి వాలి, పెదవులు కదపకుండా అడిగాడు. "ఏమంటోంది ఆవిడ? సంతకం చేసింది ఏమిటో తెలుసా తెలియదా?"

అప్పుడు అన్నాను ఆ వాక్యం.

గ్రేడీ లేచి, సాక్షికి భాష విషయంలో కొంత ఇబ్బంది ఉన్నదనీ, వాంగ్మూలాన్ని మా గుమాస్తా ఆవిడ సొంత భాషలోనే వివరించి సంతకం తీసుకున్నాడు కాబట్టి కోర్టు దాన్నే ప్రమాణంగా తీసుకోవాలనీ చెప్పాడు. ఆంటీ బోనులోనే నిలబడి ఇదంతా విన్నది. ఆవిడ నోటితో చెప్పిన నిజం అర్థంకాని మాట అయింది, నేను రాసి తెచ్చిన కాగితం ఆవిడ మాట అయింది. తీర్పు వాయిదా పడింది. బయటకు వస్తూ గ్రేడీ నా భుజం తట్టాడు.

శనివారం

రెండు రోజులు యూనీలో ఏం విన్నానో గుర్తు లేదు. శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ మామూలుగానే తలుపు తీసింది. మామూలుగానే కాఫీ ఇచ్చింది. అంకుల్ ఎదురుగా కూర్చున్నాడు.

"సారీ అంకుల్" అన్నాను. "ఆ విషయం అందరి ముందూ..."

"దాని గురించైతే నువ్వేం ఫీల్ అవకు" అన్నాడాయన. "చర్చిలో నా అంతట నేనే చెప్పుకున్నా. కోర్టులో ఆమె చెప్పింది. ఏం, ఒకటే కదా." ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ రెండు రోజులూ ఏ దారిన ఇంటికి వచ్చాడో నేను అడగలేదు.

ఆంటీ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "పధ్నాలుగేళ్లుగా హోమ్‌లో పనిచేస్తన్నా. మాట పడిపోయిన ముసలోళ్లకి కూడా నేను చెప్పేది అర్థమవుద్ది. మీ సార్‌కి అర్థం కాలేదా, బాబూ? లేకపోతే నీకా?"

"సార్‌కి నేనే అలా చెప్పాను ఆంటీ. నాకు అర్థమయింది."

అంకుల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆంటీ కాఫీ కప్పు తీసుకెళ్లి కడిగింది. నన్ను తిట్టి ఉంటే తిరిగి వెళ్లడం తేలికయ్యేది.

"ఏం చేయమంటారు?" అన్నాను. ఆ ఇంట్లో నేను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"షాపు ఆపించమనను" అన్నాడు అంకుల్. "నా ఒక్కడి కోసం ఈ దేశంలో షాపులు మానేస్తారా? కానీ ఆ కొట్టుకి సందు వైపు పెద్ద అద్దం ఉంది చూశావా. తలుపు కూడా అటే పెడతన్నారంట. సాయంత్రం అలిసిపోయి వస్తా. సీసాలన్నీ అందులో లైట్లేసి నిలబెడతారు. ఒక రోజు చూడకుండా పోతా. రెండో రోజు పోతా." ఆయన అక్కడితో ఆపేశాడు.

ఆంటీ లోపలి నుంచి అంది. "మా సంగతి మాత్రం మళ్లీ ఎక్కడా ఎత్తకు. పేపర్ మీద కూడా వద్దు."

రెండో వాంగ్మూలం

సోమవారం గ్రేడీకి నా అబద్ధం సంగతి చెప్పాను. ఆయన పాల గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పనంతవరకు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసి ఊరుకుంటే కోర్టును మోసం చేసినవాణ్ని అవుతాను. ముప్పై అయిదేళ్లలో నా నోటితో అబద్ధం ఆడించినవాడివి నువ్వే, అదీ నా ఖర్చుతో."

"ఉద్యోగం మానేయమంటారా సార్?"

"మానేసి తప్పించుకుంటావా? కూర్చుని రాయి. నువ్వు చేసిందంతా రాయి."

రాశాను. నా తప్పును నేనే ప్రమాణం చేసి కోర్టుకు ఇచ్చాను. నన్నూ బోనెక్కించారు. ఆ బారిస్టరే, అదే మర్యాద.

"ఆవిడకు ఇంగ్లీషు వచ్చునా?"

"వచ్చు."

"మీకు?"

"వచ్చు."

"అయితే ఆ రోజు కోర్టులో భాష విషయంలో ఇబ్బంది పడింది ఎవరు?"

"నేనే" అన్నాను. ఈసారి మేజిస్ట్రేటు కూడా నవ్వాడు.

వారం పది రోజులు నేను చాలా గొప్ప త్యాగం చేసినట్టు తిరిగాను. తీర్పు వచ్చింది. సుగుణ ఆంటీ వాంగ్మూలాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు, గుమాస్తా చేసిన సవరణతో కూడా పని లేదు, మిగిలిన సాక్ష్యం సరిపోతుంది, లైసెన్సు మంజూరు. అంటే ఆవిడను కోర్టుకు లాగకపోయినా ఆ షాపు వచ్చేదే. ఆ ముక్క చదివినప్పుడు కలిగినంత సిగ్గు బోనులో కూడా కలగలేదు.

తరవాత లాయరుగా నమోదు కావడానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఈ కథంతా బోర్డుకు చెప్పుకోవలసి వచ్చింది. పిలిచి, ప్రశ్నలు వేసి, ఒప్పుకున్నారు. ఇలాంటిది మీకూ ఎదురైతే దాచకండి. తప్పు చేసినవాణ్ని బోర్డు చాలాసార్లు క్షమిస్తుంది. దాచినవాణ్ని గుర్తుపెట్టుకుంటుంది.

సందు

లైసెన్సు కోర్టు ఇస్తుంది. తలుపులు, కిటికీలు, బోర్డులు, దీపాలు కౌన్సిల్ చేతిలో ఉంటాయి. మా క్లయింటు కొట్టు మార్పులకు కౌన్సిల్ అనుమతి ఇంకా రాలేదు. ఆ దరఖాస్తు మా ఆఫీసులోనే, నా బల్ల మీదే ఉంది.

నేను క్లయింటుకు వ్యతిరేకంగా పనిచేయకూడదు. ఆంటీ కథ ఎత్తకూడదు. లేనిది రాయకూడదు. ఈ మూడూ పోగా ఏం మిగిలిందో చూశాను. గ్రేడీ దగ్గరకు వెళ్లాను.

"సార్, తలుపు సందు వైపు పెడితే కౌన్సిల్ ఇంజనీరు అభ్యంతరం చెబుతాడేమో. అది ఇరుకు. బళ్లు రివర్సులో వస్తాయి. మనుషులు నడిచే దారి."

ఆయన కళ్లద్దాలు తీశాడు. నా మొహంలోకి చూశాడు. ఎవరు నడిచే దారి అని అడగలేదు. "ఏం బళ్లు?"

"లారీలు..."

"చూశావా?"

"లేదు."

"వెళ్లి చూసిరా. ఈసారి ఉన్నదే రాయి. ఇంకోటి చెప్పు. తలుపు మెయిన్ రోడ్డు వైపు తిప్పితే క్లయింటుకు మంచిదా, కాదా? కాకపోతే ఈ మాట ఇక్కడే వదిలేయ్."

"మంచిదే సార్. బస్సులు ఆగేది అటే."

క్లాసులకు ముందు పొద్దున్నే వెళ్లి ఆ సందులో నిలబడ్డాను. లారీలు లేవు. రొట్టెల వ్యాను ఒకటి, చెత్త బండి ఒకటి, సైకిళ్ల మీద స్కూలు పిల్లలు. సాయంత్రాలు మాత్రం ఆ వైపు వెళ్లలేదు. ఆయన నన్ను చూస్తే కాపలా కాస్తున్నాననుకుంటాడు. రొట్టెల వ్యాను, చెత్త బండి, పిల్లలు, ఇవే రాశాను. నా జీవితంలో అంత నీరసమైన నివేదిక మళ్లీ రాయలేదు. క్లయింటు మొదట గొణిగాడు, తరవాత మెయిన్ రోడ్డు వైపు పెద్ద బోర్డు పెట్టుకోవచ్చని తెలిసి ఉత్సాహపడ్డాడు. ప్లాను మార్చి దాఖలు చేశాం. ఇంజనీరుకు చెత్త బండి సంగతి బాగా నచ్చింది. అనుమతిలో ఒక షరతు పెట్టారు. రాకపోకలు మెయిన్ రోడ్డు నుంచే. సందు వైపు తలుపుగానీ, కిటికీగానీ, ప్రకటనగానీ ఉండరాదు. ఉన్న అద్దం తీసి గోడ కట్టాలి.

కౌన్సిల్ మీటింగులో ఆ షరతు మీద ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. తరవాతి అంశం ఎవరిదో మొరిగే కుక్క, దాని మీద గంటసేపు వాదించుకున్నారు.

ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. "మా సంగతి చెప్పావా?" అని అడిగింది.

"లేదు ఆంటీ. చెత్త బండి గురించి చెప్పాను."

"సర్లే. ఆదివారం భోజనానికి రా" అంది.

కాగితం మీద షరతు ఉంటే చాలదని అప్పటికే నాకు తెలుసు. పని మొదలైన రోజు క్లాసు ఎగ్గొట్టి సందులోకి వెళ్లాను. అద్దం తీసేశారు. ఇద్దరు మేస్త్రీలు ఆ ఖాళీలో ఇటుకలు పేరుస్తున్నారు. వాళ్లలో పెద్దవాడు నన్ను చూసి, "కౌన్సిల్ నుంచా మేట్?" అన్నాడు. కాదు, ఊరికే చూస్తున్నానన్నాను. రత్నం అంకుల్ నాకంటే కాస్త పొడుగు. ఇటుక వరసలు ఆయన కంటి ఎత్తు దాటేదాకా అక్కడే నిలబడ్డాను.